విద్యార్థి మానసిక ఆరోగ్యం – జీవించే హక్కు: 2025 సుప్రీంకోర్టు తీర్పు

14 ఏళ్ల లోపు పిల్లలకు విద్య, రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో (1993) చెప్పింది. 2002లో 86వ సవరణ ద్వారా 21-ఎ అధికరణ చేరింది. దీంతో బడిలో చేరే హక్కు స్థిరపడింది. మరి చేరిన విద్యార్థి అక్కడ క్షేమంగా ఉండే హక్కు మాటేమిటి? 2025 జూలై 25 నాటి తీర్పు ఈ ప్రశ్నకే సమాధానమిచ్చింది.

నేపథ్యం

2023లో విశాఖపట్నంలో వసతిగృహంలో ఉండి నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణించింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించాలని తండ్రి కోరగా హైకోర్టు నిరాకరించింది, సుప్రీంకోర్టు అంగీకరించింది. అంతటితో ఆగకుండా, మానసిక ఆరోగ్యం 21వ అధికరణలో అంతర్భాగమని ప్రకటించి, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు జారీచేసింది.

ముఖ్య మార్గదర్శకాలు

1. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థ అర్హతగల కౌన్సెలర్‌ను కనీసం ఒకరిని నియమించాలి.
2. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలి.
3. సిబ్బందికి ఏడాదికి కనీసం 2 సార్లు శిక్షణ ఇవ్వాలి.
4. టెలి-మానస్ (14416) వంటి సహాయ నంబర్లను తరగతుల్లో, హాస్టళ్లలో అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి.

రెండో అంశం చదివేటప్పుడు మన జూనియర్ కళాశాలల ‘స్టార్ బ్యాచ్’ గుర్తుకు రావడం సహజం. అయితే ‘వీలైనంతవరకు’ అన్న మాటను గమనించండి. ఇది పూర్తి నిషేధం కాదు. సంస్థలు తప్పించుకోవడానికి సందు ఇక్కడే ఉంది.

చట్టబద్ధత

శాసనసభ చేయని చట్టాన్ని న్యాయస్థానం చేయవచ్చా? అది చట్టం చేయలేదు, లోటును తాత్కాలికంగా పూరించింది. 32, 141 అధికరణల కింద జారీ అయిన ఈ మార్గదర్శకాలు తగిన చట్టం వచ్చేవరకు అందరూ పాటించవలసినవే. విశాఖ కేసులోనూ (1997) ఇదే జరిగింది. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై అప్పటి మార్గదర్శకాలే 2013లో చట్టానికి దారితీశాయి. మధ్యలో 16 ఏళ్లు గడిచాయి. అంతకాలం అవి నిలిచింది, అడిగినవారు ఉన్నందువల్లనే.

మీలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఉన్నారు. ఈసారి బడికో, హాస్టల్‌కో వెళ్లినప్పుడు కౌన్సెలర్ ఎవరని అడగండి. గోడమీద 14416 ఉందేమో చూడండి. అడగడం మీ హక్కు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. విద్యాహక్కుకు, మానసిక ఆరోగ్య హక్కుకు 21వ అధికరణ ఎలా ఆధారమైంది?
2. ‘వీలైనంతవరకు’ అన్న మాట మార్గదర్శకం అమలుపై చూపే ప్రభావాన్ని చర్చించండి.