ఆదిలాబాద్ నీడ, కుప్పం నీడ

*నక్షత్రశాలకు బయల్దేరే పిల్లల చేతిలో తాము కొలిచిన ఒక్క అంకె ఉన్నా ఆ యాత్ర తీరే మారిపోతుంది*

డిసెంబరు 22, మిట్టమధ్యాహ్నం. బడి ఆవరణలో మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెడితే ఆదిలాబాద్‌లో దాని నీడ 94 సెంటీమీటర్లు పడుతుంది. అదే రోజు హైదరాబాద్‌లో అయితే 86. కుప్పంలో 73. కర్ర అదే, సూర్యుడూ అతడే. సూర్యుడేమో 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. అంత దూరం నుంచి వచ్చే కిరణాలు మూడు ఊళ్ల మీదా ఒకే వాలున పడాలి. నేల బల్లపరుపుగా ఉంటే నీడలు మూడూ సమానంగా ఉండాలి. లేవు. ఎందుకు లేవో చెప్పమంటే ఏడో తరగతి పిల్లలు పుస్తకం తెరవక్కర్లేదు. నేల వంపు తిరిగి ఉందన్న సంగతి వాళ్ల కొలతల్లోనే ఉంది.

అట్లాసు తెరిస్తే మరో సంగతి బయటపడుతుంది. ఆదిలాబాద్, హైదరాబాద్, కుప్పం మూడూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. మొదటి రెండూ సుమారు 78.5 డిగ్రీలు, కుప్పం 78.3. అంటే మూడు చోట్లా సూర్యుడు నడినెత్తి గీత దాటే వేళల మధ్య నిమిషం తేడా కూడా ఉండదు. అక్షాంశాలు మాత్రం 19.7, 17.4, 12.7 ప్రాంతంలో ఉన్నాయి. ఉత్తర కొస నుంచి దక్షిణ కొసకు సుమారు 6.9 డిగ్రీల తేడా.

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను లెక్కగట్టింది ఇలాంటి ఉత్తర-దక్షిణ గీత మీదే. ఈజిప్టులో సైయీన్ పట్టణంలో నీడ పడని రోజున అలెగ్జాండ్రియాలో నీడ కోణం, అంటే నిటారు కర్రకూ సూర్యకిరణానికీ మధ్య కోణం, 7.2 డిగ్రీలు వచ్చింది. వృత్తంలో అది యాభయ్యో వంతు. రెండు ఊళ్ల దూరం 5,000 స్టేడియాలు కాబట్టి భూమి చుట్టుకొలత రెండున్నర లక్షల స్టేడియాలని తేల్చాడు. ఆయనకు దొరికింది 7.2. తెలుగు పిల్లలకు సొంత నేల మీదే 6.9 సిద్ధంగా ఉంది. ఇంత చక్కటి గీత మన పటంలో ఉండగా, మన పిల్లలు ఎరటోస్తనీస్ కథను మూడు మార్కుల జవాబుగా బట్టీ పట్టడం బాధ కలిగించే విషయం.

ఈ ముఖచిత్ర కథనానికి అనుకున్న విషయం బడిపిల్లల ప్లానెటేరియం, సైన్సు మ్యూజియం యాత్రలు. వివరాల వెంట పోతూ ఉంటే, గోపురం కింది చీకట్లో కన్నా గోపురం బయటి ఎండలోనే ఎక్కువ సరుకు కనిపించింది. అందుకే ఈ కథనంలో సింహభాగం కర్రకే.

మన బడులకు బాగా తెలిసిన యాత్ర హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్. 1985 సెప్టెంబరు 8న ఎన్.టి.రామారావు ప్రారంభించిన ఈ నక్షత్రశాలలో తెలుగులో కూడా ప్రదర్శనలుంటాయి. 1990లో సైన్సు మ్యూజియం, 2000లో డైనోసార్ విభాగం తోడయ్యాయి. చలికాలం వచ్చిందంటే బడి బస్సులు వరసగా గుట్టెక్కుతాయి. ప్రదర్శన, మ్యూజియం, మధ్యాహ్నం డబ్బా భోజనం, మెట్ల మీద గ్రూపు ఫోటో, అక్కణ్నుంచి జూపార్కుకో ట్యాంక్‌బండ్‌కో ప్రయాణం. ఆ రోజు పిల్లలకు ఎన్నాళ్లైనా గుర్తుంటుంది. అమెరికాలో జాన్ ఫాక్, లిన్ డియర్కింగ్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో 128 మందిని చిన్ననాటి బడి యాత్రల గురించి అడిగితే 96 శాతం మంది ఏదో ఒకటి గుర్తుచేసుకోగలిగారు. అయితే గుర్తుండటం వేరు, అర్థం కావడం వేరు. కొత్త చోటికి వచ్చిన పిల్లల ధ్యాస ముందు ఆ చోటి మీదే ఉంటుందని, పాఠం దాని తర్వాతేనని ఫాక్ బృందం 1970ల చివర్లోనే చెప్పింది. గోడలు, ఏసీ, క్యాంటీన్, పక్క బడి పిల్లలు... ఇవన్నీ అయ్యాకే నక్షత్రాలు.

మ్యూజియంలో మీటలు నొక్కడాన్ని 'చేసి నేర్చుకోవడం' అనడం మీద కూడా అనుమానపడక తప్పదు. మీట నొక్కితే దీపం వెలుగుతుంది, చక్రం తిరుగుతుంది, గొంతు వినిపిస్తుంది. అక్కడ ఏం జరగాలో ముందే నిర్ణయమైపోయింది. పిల్లవాడి తప్పుకు అందులో చోటు లేదు. కర్ర దగ్గర అలా కుదరదు. కర్ర కాస్త వంగితే కొలత చెడుతుంది. నీడ కొనలో 1 సెంటీమీటరు తేడా వస్తే ఆదిలాబాద్–కుప్పం లెక్కలో భూమి చుట్టుకొలత దాదాపు 2,000 కిలోమీటర్లు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. పైగా సూర్యబింబం అర డిగ్రీ వెడల్పున్నది కావడంతో నీడ కొస పదునుగా పడదు, మసకగా ఉంటుంది. ఎక్కడ గీత గీయాలన్న దాని మీద పిల్లలు వాదించుకోవాల్సిందే. సైన్సు సగం ఆ వాదనలోనే ఉంది.

చరిత్ర కూడా చెప్పుకోవాలి కనుక గబగబా: నక్షత్రాలను గోపురం మీదికి ప్రసరించే యంత్రాన్ని జర్మనీలో జైస్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ బవర్స్‌ఫెల్డ్ బృందం తయారుచేసి 1923లో మ్యూనిక్‌లో చూపింది. కోల్‌కతాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1959లో తెరుచుకుంది, 1965 నుంచి ప్రదర్శనలను బస్సులో ఊళ్లకు పంపింది. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచి, ముట్టుకోవద్దన్న బోర్డులు లేని మ్యూజియం ఎలా ఉంటుందో చూపించాడు. అణుబాంబు ఓపెన్‌హైమర్‌కు తమ్ముడాయన. రాజకీయ వేధింపులకు విశ్వవిద్యాలయ ఉద్యోగం పోయాక కొలరాడోలో పశువులు మేపుతూ, పల్లె బడిలో సైన్సు చెప్పిన మనిషి. 1970ల్లో బర్క్‌లీలో అలన్ ఫ్రీడ్‌మన్ ప్రేక్షకులే చుక్కలు వెతికి జవాబులు చెప్పే ప్లానెటేరియం పద్ధతి తెచ్చాడు. 1977లో ఫిలిప్ శాడ్లర్ గాలి నింపే గోపురం కనిపెట్టడంతో నక్షత్రశాల బడి హాల్లోకే వచ్చేసింది. 1978లో మన జాతీయ సైన్సు మ్యూజియంల మండలి ఏర్పడింది.

ఇక నీడ దగ్గరికి తిరిగి వద్దాం.

హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం నిటారు కర్రకు నీడే పడదు. ఆ రోజున బాటిళ్లు, పైపులు నిలబెట్టి ఫొటోలు తీసుకోవడం ఈ మధ్య మామూలైంది. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీకి ఈ భాగ్యం ఎన్నడూ లేదు. మే 9కీ ఆగస్టు 3కీ మధ్య హైదరాబాద్‌లో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి కాక దక్షిణానికి పడుతుంది. జూన్ 21న మీటరు కర్రకు దక్షిణం వైపు సుమారు 10 సెంటీమీటర్లు. నీడ ఎప్పుడూ ఒకే వైపు ఉంటుందనుకునే పిల్లలకు ఇది పెద్ద ఆశ్చర్యమే.

చిక్కంతా క్యాలెండర్‌తోనే. కుప్పంలో నీడ మాయమయ్యేది ఏప్రిల్ 24 ప్రాంతంలో, హైదరాబాద్‌లో మే 9న, ఆదిలాబాద్‌లో మే మూడో వారంలో. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే. రెండో అవకాశం ఆదిలాబాద్‌కు జులై 25 ప్రాంతంలో, హైదరాబాద్‌కు ఆగస్టు 3న, కుప్పానికి ఆగస్టు 19 ప్రాంతంలో. బడులైతే ఉంటాయి, మబ్బులూ ఉంటాయి. మొదటిసారి పిల్లలుండరు, రెండోసారి ఎండ ఉండదు.

కానీ ఈ లెక్కకు నీడ మాయమవ్వాల్సిన పని లేదు. రెండు ఊళ్లలో ఒకే రోజు నీడ కోణాలు కొలిచి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే చాలు. అందుకు డిసెంబరును మించిన నెల లేదు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నీడ పొడవుగా ఉండి కొలవడానికి వీలుగా ఉంటుంది, యాత్రల కాలమూ అదే. ఆదిలాబాద్‌లో నీడ కోణం 43.1 డిగ్రీలు, కుప్పంలో 36.2. తేడా 6.9. పటంలో స్కేలు పెట్టి చూస్తే రెండు ఊళ్ల మధ్య తిన్నని దూరం సుమారు 765 కిలోమీటర్లు. 360ని 6.9తో భాగించి 765తో హెచ్చిస్తే 40,000కు కాస్త అటూ ఇటూ. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు.

ఈ కొలత మన పూర్వులకు కొత్తదేమీ కాదు. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు నాటి మధ్యాహ్నం 12 అంగుళాల శంకువు (నిటారుగా నాటిన కర్ర) నీడ ఎంత పడుతుందో దాన్ని ఆ ఊరి 'పలభ' అన్నారు. అక్షాంశాన్ని రాబట్టేది దాని నుంచే. హైదరాబాద్ పలభ సుమారు మూడు ముప్పావు అంగుళాలు. పంచాంగ గణితం చేసేవాళ్లు వాడిన ఈ పద్ధతిని సైన్సు ల్యాబులోకి తేవడానికి అయ్యే ఖర్చు ఒక కర్ర, ఒక దారం.

కుప్పం కొసన కొలిచే చేతులకు కొదవ లేదు. 1999లో మొదలైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణం అక్కడికి దగ్గర్లోనే ఉంది. పల్లె బడులకు వ్యాన్లలో ప్రయోగాలు మోసుకెళ్లడం, చవక సామాన్లతో నమూనాలు చేయించడం, పిల్లల చేతే తోటిపిల్లలకు పాఠం చెప్పించడం ఆ సంస్థ పద్ధతి. రెండో కొసకు ఆదిలాబాద్‌లో ఒక్క ప్రభుత్వ బడి ముందుకొస్తే గీత పూర్తవుతుంది.

అలా కొలత చేతబట్టుకుని వచ్చిన తరగతికి గోపురం ఎంత మేలు చేయగలదో ఆలోచించండి. భూమి మీద ఏ అక్షాంశపు ఆకాశాన్నైనా నిమిషంలో చూపగల యంత్రం అక్కడుంది. ముందు ఆదిలాబాద్ ఆకాశం: ధ్రువనక్షత్రం దాదాపు 20 డిగ్రీల ఎత్తున. తర్వాత కుప్పం ఆకాశం: అదే నక్షత్రం 13 డిగ్రీలకు జారిపోయి. ఆ ఏడు డిగ్రీల జారుడు తాము ఎండలో కొలిచిన ఏడు డిగ్రీలేనని పిల్లలు తమంతట తాము పట్టుకోవాలి. వ్యాఖ్యాత రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉంటే వాళ్లు పట్టుకుంటారు కూడా. కృష్ణబిలాల సినిమా కన్నా ఇది బడిపిల్లలకు వెయ్యి రెట్లు మేలు. నక్షత్రశాలలు యాత్ర బుక్ చేసుకునే బడిని 'ఎంతమంది?' అని అడగడంతో పాటు 'మీ ఊళ్లో నీడ ఎంత?' అని కూడా అడగడం మొదలుపెట్టాలి.

కర్ర నాటే పద్ధతి

మీటరు కర్ర లేదా పీవీసీ పైపు. నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలు గోడకు వేలాడదీసే గుండు, దారం. నేల చదునుగా ఉండాలి. డిసెంబరులో 11:45 నుంచి 12:45 దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొనను సుద్దతో గుర్తుపెట్టాలి. వాటిలో అతి పొట్టి నీడే ఆ ఊరి అసలు మధ్యాహ్నం. త్రికోణమితి రాని పిల్లలు కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీత, దాని అడుగున నీడను పదో వంతుకు తగ్గించి అడ్డగీత గీసి, కొనలు కలిపి, పైమూలలో కోణమానిని పెడితే కోణం వచ్చేస్తుంది.

గడియారంలో పన్నెండు మధ్యాహ్నం కాదు

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. అది కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు 16 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తి గీత దాటుతాడు. రుతువును బట్టి ఇంకాస్త అటూ ఇటూ: మే 9న 12:12, ఆగస్టు 3న 12:22 ప్రాంతంలో.

గుట్ట మీది డైనోసార్

బిర్లా సెంటర్‌కు వెళితే కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్‌ను చూడకుండా రావద్దు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భారత భూవిజ్ఞాన సర్వే తవ్వి తీసిన జురాసిక్ కాలపు శాకాహారి ఇది. 1988లో పి.యాదగిరి పేరు పెట్టారు. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం ఒక్క జంతువుది కాదు, దాదాపు డజను జంతువుల ఎముకలతో కూర్చింది. ఏ ఎముక ఏ జంతువుదో, ఒకదానికొకటి సరిపోతాయని ఎలా తేల్చారో పిల్లల చేత గైడును అడిగించండి.