పుట్టినప్పుడు లేని జబ్బు ఆరో నెలలో ఎందుకొస్తుంది?

‘పుట్టినప్పుడు బంగారంలా ఉన్నాడండీ. ఆరో నెల దాటాక ఏమైందో ఏమో, పాలిపోవడం మొదలైంది.’ తలసీమియా, సికిల్ సెల్ జబ్బులున్న పిల్లల తల్లుల దగ్గర డాక్టర్లు తరచూ వినే మాట ఇది. ఆ వెంటనే ఇంట్లో కారణాల వెతుకులాట మొదలవుతుంది. పాలు సరిపోలేదని ఒకరు, అన్నప్రాశన తొందరపడి చేశారని మరొకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు అంటారు. చివరికి నింద తల్లి మీదే పడుతుంది. నిజానికి ఆ నెలల్లో బిడ్డ ఒంట్లో జరిగింది వేరు. ఒక జన్యువు పని ఆపేసింది, మరో జన్యువు ఆ పని అందుకుంది. ఇది ప్రతి బిడ్డలోనూ జరిగే మార్పే. కాకపోతే ఈ పిల్లల్లో పని అందుకోవలసిన జన్యువులో లోపం ఉంది.

జన్యువు అనగానే మనకు తాత ముక్కు, నాన్న షుగరు గుర్తొస్తాయి. జన్యువు ఉందంటే దాని ఫలితం వచ్చి తీరుతుందని చాలామంది నమ్మకం. కానీ జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. మన ఒంట్లోని కణాలన్నీ ఒకే ఒక్క కణం నుంచి వచ్చినవే. కాబట్టి కాలేయంలోనూ, కంటిలోనూ, చర్మంలోనూ ఉండే డీఎన్‌ఏ దాదాపు ఒకటే. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు అందులో సుమారు 20,000 ఉంటాయి. ఇన్సులిన్ జన్యువు మీ అరచేతి చర్మంలోనూ ఉంది. కానీ అక్కడ అది నోరు మెదపదు. క్లోమంలోని బీటా కణాల్లోనే పనిచేస్తుంది. ఏ కణంలో ఏ జన్యువు, ఎప్పుడు, ఎంత మోతాదులో పనిచేయాలో నియంత్రించే ఏర్పాటు ఉండబట్టే కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా ఉంటున్నాయి.

జన్యువు పనిచేయడం అంటే ఏమిటి? దానిలోని సమాచారం ముందు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలవుతుంది. ఆ నకలు చూసి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. అసలు దస్తావేజు బీరువాలోనే ఉంటుంది, బయటి పనులకు జిరాక్సు కాపీ తిరుగుతుంది. ఎన్ని కాపీలు తీయాలన్నది జన్యువు పక్కన, ఒక్కోసారి చాలా దూరంలో ఉండే డీఎన్‌ఏ భాగాలు నిర్ణయిస్తాయి. వాటి మీదికి వచ్చి అతుక్కునే ప్రొటీన్లలో కొన్ని జన్యువును పరుగెత్తిస్తాయి, కొన్ని తొక్కిపెడతాయి. పైగా ఒక్కో కణంలోనూ రెండు మీటర్ల పొడవుండే డీఎన్‌ఏ ప్రొటీన్ ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. చుట్ట బిగుసుకున్నచోట జన్యువు చదవడానికి అందదు, వదులైనచోట అందుతుంది. దీన్నంతా ‘స్విచ్’ అని తేల్చేస్తుంటారు. నాకు మాత్రం ఫ్యాన్ రెగ్యులేటరే సరైన పోలిక అనిపిస్తుంది. చాలా జన్యువులు ఒకటిలోనో, మూడులోనో నడుస్తుంటాయి.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. ఆస్తమాకో, కీళ్లవాతానికో వాడే ప్రెడ్నిసలోన్ లాంటి స్టిరాయిడ్లు కణంలోకి వెళ్లి, అక్కడి ప్రొటీన్‌తో జతకట్టి, డీఎన్‌ఏ దగ్గరికి చేరి కొన్ని జన్యువుల వేగాన్ని మారుస్తాయి. మాత్ర వేసుకున్న వెంటనే కాకుండా కొన్ని గంటలకు గుణం కనిపించడానికి ముఖ్య కారణం అదే.

కడుపులో ఒకటి, బయట ఒకటి

ఇక రక్తం సంగతి. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ నాలుగు ప్రొటీన్ గొలుసుల కట్ట. పెద్దవాళ్లలో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులుంటాయి. తల్లి కడుపులోని శిశువుకు ఊపిరితిత్తులు పనిచేయవు. మాయ దగ్గర తల్లి రక్తం నుంచే ఆక్సిజన్ లాక్కోవాలి. అందుకు ఆక్సిజన్‌ను ఇంకాస్త గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ కావాలి. శిశువులో బీటా బదులు గామా గొలుసులుండేది ఇందుకే. దీన్ని ఫీటల్ హిమోగ్లోబిన్ అంటాం.

ఈ జన్యువులు 11వ క్రోమోజోము మీద ఒకే వరుసలో ఉంటాయి. పిండం తొలి వారాల్లో పనిచేసేది ముందు, తర్వాత రెండు గామా జన్యువులు, ఆపైన డెల్టా, చివర బీటా. విచిత్రం ఏమిటంటే, దాదాపు అవి ఉన్న వరుసలోనే వంతులవారీగా పనిలోకి దిగుతాయి. వాటికి ముందువైపు, కాస్త దూరంలో ఒక నియంత్రణ ప్రాంతం ఉంది. డీఎన్‌ఏ ఉచ్చులా వంగి, ఆ ప్రాంతాన్ని ఏ జన్యువు దగ్గరికి చేరిస్తే దానికి ఊపు వస్తుంది. పుట్టిన బిడ్డ రక్తంలో సగానికి పైగా ఫీటల్ హిమోగ్లోబినే ఉంటుంది. ఆరో నెలకల్లా అది బాగా తగ్గుతుంది. పెద్దయ్యాక సాధారణంగా ఒక శాతం దగ్గర ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలోనూ ఈ మార్పు దాదాపుగా గర్భం మొదలైన నాటి లెక్క ప్రకారమే సాగుతుంది. కాన్పు ముందే అయిపోయిందని తొందరపడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సికిల్ సెల్ జబ్బులో బీటా జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది. దానివల్ల ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలా మారుతుంది. ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడుతుంది. భరించలేని నొప్పులు అందుకే వస్తాయి. బీటా తలసీమియాలో బీటా గొలుసులు తక్కువగా తయారవుతాయి, లేదా అసలు తయారుకావు. మన దేశంలో ఈ జబ్బుకు ఎక్కువగా కనిపించే మార్పు ప్రొటీన్‌కు సంబంధించిన అక్షరాల్లో ఉండదు. ఆర్‌ఎన్‌ఏ నకలులో అక్కర్లేని ముక్కలు కత్తిరించి మిగతావి అతికించే చోట ఉంటుంది. కత్తిరింపు తప్పుతుంది, నకలు చెడిపోతుంది. జోడీ దొరకని ఆల్ఫా గొలుసులు పేరుకుపోయి ఎర్రకణాలను మూలుగలోనే చంపేస్తాయి.

రెండు జబ్బుల్లోనూ లోపం బీటాలోనే ఉంది. గామా పనిచేసినన్నాళ్లూ బిడ్డకు ఇబ్బంది ఉండదు. గామా మూతపడి బీటా వంతు వచ్చేసరికి జబ్బు బయటపడుతుంది. తల్లి పెట్టిన తిండికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఈ ఒక్క ముక్క వింటే చాలు.

తొక్కిపెట్టేది ఎవరు?

సికిల్ సెల్ జన్యువున్న నవజాత శిశువుల రక్తంలో కొడవలి కణాలు తక్కువగా ఉండటాన్ని న్యూయార్క్‌కు చెందిన పిల్లల వైద్యురాలు జానెట్ వాట్సన్ గమనించి, ఫీటల్ హిమోగ్లోబినే వాళ్లను కాపాడుతోందని 1948లో సూచించారు. తర్వాత మరో సంగతి తేలింది. కొందరిలో గామా జన్యువులు పెద్దయ్యాక కూడా మూతపడవు. వాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటివాళ్లకు సికిల్ సెల్ జన్యువు కూడా సంక్రమించినా బాధలు చాలా తక్కువ. మన దేశంలోని సికిల్ సెల్ రోగుల్లో ఆఫ్రికా మూలాలున్న రోగుల కంటే ఫీటల్ హిమోగ్లోబిన్ సాధారణంగా ఎక్కువ. అందుకని ఇక్కడ జబ్బు తేలిక అనే మాట పుస్తకాల్లో కనిపిస్తుంది. నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చినవాళ్లను చూసిన డాక్టరెవరూ ఆ మాట గట్టిగా అనలేరు.

గామాను తొక్కిపెట్టే ప్రొటీన్ పేరు బీసీఎల్11ఏ. దాని పాత్రను విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్‌ల బృందం 2008లో బయటపెట్టింది. దాన్ని పూర్తిగా తీసేస్తే పని అయిపోతుందనుకోవచ్చు. కానీ మెదడు ఎదుగుదలకూ, రోగనిరోధక కణాలకూ కూడా ఆ ప్రొటీన్ కావాలి. దారి 2013లో దొరికింది. బీసీఎల్11ఏ జన్యువును ఎర్రకణాల్లో మాత్రమే నడిపించే రెగ్యులేటర్ ఒకటి ఆ జన్యువులోనే ఉంది. దాన్ని కత్తిరిస్తే ఎర్రకణాల్లో మాత్రమే ఆ ప్రొటీన్ తగ్గుతుంది, గామా మళ్లీ లేస్తుంది.

ఈ సూత్రంతోనే వచ్చింది కాస్‌జెవీ చికిత్స. రోగి మూలకణాలను బయటికి తీసి, క్రిస్పర్ కత్తెరతో ఆ రెగ్యులేటర్‌ను దెబ్బతీసి, తిరిగి ఎక్కిస్తారు. దీనికి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతినిచ్చాయి. లోపమున్న బీటా జన్యువును ఎవరూ ముట్టుకోలేదని గమనించండి. అది అలాగే ఉంటుంది. చిన్నప్పుడు మూతపడిన మరో జన్యువును తెరిచారు, అంతే. అయితే అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు 18 కోట్ల రూపాయలు. ఎక్కించే ముందు మూలుగను ఖాళీ చేయడానికి తీవ్రమైన కీమోథెరపీ కూడా తప్పదు. మన ఓపీలో వరుసలో నిలబడేవాళ్లకు ఇది ప్రస్తుతానికి వార్త మాత్రమే.

వాళ్లకు అందేది హైడ్రాక్సీయూరియా. ఇదీ ఫీటల్ హిమోగ్లోబిన్‌ను పెంచే మందే. ఖరీదు తక్కువ. సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్లకు అమెరికా 1998లోనే అనుమతించింది. నొప్పుల దాడులను తగ్గిస్తుంది, ఆసుపత్రిలో చేరే అవసరాన్నీ తగ్గిస్తుంది. కానీ ఇంటర్నెట్‌లో చూసి ‘క్యాన్సర్ మందట’ అని చాలామంది మానేస్తుంటారు. కొన్ని క్యాన్సర్లలో వాడే మాట నిజమే. ఇక్కడ వాడే మోతాదు, పద్ధతి వేరు. గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. అందాకా రోజూ వేసుకోవాలి, డాక్టర్ చెప్పిన గడువుల్లో రక్తకణాల లెక్క చూపించుకోవాలి. పిల్లల్ని కనాలనుకుంటే భార్యాభర్తలిద్దరిలో ఎవరు ఈ మందు వాడుతున్నా ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

‘మీ జన్యువులను మేల్కొలిపే’ పొడులు, చుక్కల మందుల ప్రకటనలు ఈమధ్య ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. తిండి, నిద్ర, వ్యాయామం జన్యువుల పనితీరును మారుస్తాయన్నది నిజం. కానీ ఫలానా జన్యువును ఫలానా కణంలో తెరవడానికి ఎంత శ్రమ అవసరమైందో పైన చూశారుగా. చెంచాడు పొడికి అంత పని చేతకాదు.

పెళ్లికి ముందు ఒక పరీక్ష

రెండు బీటా జన్యువుల్లో ఒకదానిలోనే లోపమున్నవాళ్లను క్యారియర్లు అంటాం. సాధారణంగా వీళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. తలసీమియా క్యారియర్లకు కాస్త రక్తం తక్కువగా ఉంటుంది, ఎర్రకణాలు చిన్నగా కనిపిస్తాయి. దాన్ని ఐరన్ లోపమనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగినవాళ్లున్నారు. ఐరన్ వాడినా ఎర్రకణాల సైజు పెరగకపోతే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష గురించి అడగండి. అందులో హిమోగ్లోబిన్ ఏ2 సాధారణంగా 3.5 శాతం దాటితే బీటా తలసీమియా క్యారియర్ అని అనుమానిస్తాం.

భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి ఉంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనే లెక్క లేదు. ఒకరు సికిల్, మరొకరు తలసీమియా క్యారియర్ అయినా ప్రమాదమే. మేనరికాల్లో ఇద్దరూ ఒకే లోపాన్ని మోసే అవకాశం పెరుగుతుంది. ఒకరే క్యారియర్ అయితే మాత్రం పిల్లలకు జబ్బు రాదు, మహా అయితే వాళ్లూ క్యారియర్లవుతారు. ఈ సంగతి తెలియకే సంబంధం తప్పిపోతుందని రిపోర్టులు దాచేస్తుంటారు. ఇప్పటికే గర్భిణి అయితే తొలి నెలల్లోనే పరీక్ష చేయించాలి. తేడా ఉంటే వెంటనే భర్తకూ చేయించాలి. ఇద్దరూ క్యారియర్లని తేలితే మూడో నెలలో మాయ నుంచి చిన్న ముక్క తీసి శిశువు సంగతి తేల్చవచ్చు.

సికిల్ సెల్ మన ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసుల్లో ఎక్కువ. దీనికోసం కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అందులో ఉన్నాయి. తలసీమియాకు మాత్రం కులం, ప్రాంతం పట్టింపు లేదు.

పరీక్షకు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ఏడాది లోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ మార్పిడి పూర్తికాదు కాబట్టి, తలసీమియా క్యారియరా కాదా అన్నది హెచ్‌పీఎల్‌సీతో తేల్చలేం. అలాగే రక్తం ఎక్కించుకుని మూడు నెలలు దాటకపోతే ఆ సంగతి ల్యాబ్‌లో ముందే చెప్పండి. లేదంటే రిపోర్టులో కనిపించేది మీ హిమోగ్లోబినో, దాతదో చెప్పడం కష్టం.