కొవ్వు గాదెకు కాపలాదారు ఇన్సులిన్

ఇన్సులిన్ పేరు వినగానే ఎవరికైనను స్ఫురించేది చక్కెర వ్యాధి. 1921లో టొరాంటో నగరంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కుక్కల క్లోమగ్రంథి నుండి దాని సారాన్ని తీసిన నాటి నుండి ఈ హార్మోను కీర్తి అంతా రక్తంలోని గ్లూకోజు చుట్టూనే అల్లుకొన్నది. కాని దేహంలో ఇన్సులిన్ మాటను శ్రద్ధగా ఆలకించేది కొవ్వు కణజాలం. కండరాల చేత గ్లూకోజును గ్రహింపజేయాలంటే రక్తంలో ఇన్సులిన్ బాగుగా పెరగాలి. కొవ్వు కరిగి బయటికి పోకుండా ఆపడానికి మాత్రం అందులో కొద్ది భాగం చాలును.

కొవ్వు కణజాలాన్ని పల్లెటూరి గాదెతో పోల్చవచ్చు. 70 కిలోల సామాన్య పురుషుని దేహంలో సుమారు 12 నుండి 15 కిలోల కొవ్వు ఉంటుంది. అనగా లక్ష కెలోరీలకు పైబడిన నిల్వ. కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ రూపంలో దాగిన పిండిపదార్థం కొన్ని వందల గ్రాములు మాత్రమే. భోజనానంతరం ఇన్సులిన్ పెరిగినప్పుడు గాదె నిండుతుంది. కొవ్వు కణాలను చుట్టిన సూక్ష్మ రక్తనాళాలలో లైపోప్రోటీన్ లైపేజు అనే ఎంజైము చురుకెక్కి, భోజనంలోని నెయ్యి, నూనెల నుండి రక్తంలో చేరిన కొవ్వును కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టి కణాలకు అందిస్తుంది. మరొకవైపు, కణం లోపల దాగి ఉన్న గ్లూట్-4 అనే వాహకాలు ఉపరితలానికి వచ్చి గ్లూకోజును లోనికి చేరవేస్తాయి. విచిత్రమేమనగా, భోజనంలోని గ్లూకోజులో కొవ్వు కణజాలానికి దక్కే వాటా స్వల్పం. కాని మూడేసి కొవ్వు ఆమ్లాలను ఒక కట్టగా కట్టే గ్లిసరాల్ అనే తాడు ముఖ్యంగా దాని నుండే తయారవుతుంది. రోజూ ఒకేచోట ఇన్సులిన్ సూది వేసుకొనేవారికి ఆ చోట చర్మం క్రింద కొవ్వు మెత్తని గడ్డగా పెరగడం ఈ హార్మోను ప్రభావానికి కంటికి కనిపించే నిదర్శనం.

నింపడం కంటె తాళం వేయడమే ముఖ్యమైన పని. ఉపవాసంలోను, భయాందోళనలలోను అడ్రినలిన్ వంటి హార్మోనులు కొవ్వు కణంలో సైక్లిక్ ఎ.ఎం.పి. అనే సందేశవాహకాన్ని పెంచుతాయి. దాని ప్రేరణతో కొవ్వును కోసే ఎంజైముకు ఒక ఫాస్ఫేటు తగులుకొని కోత మొదలవుతుంది. ఇన్సులిన్ ఆ సందేశవాహకాన్ని ఛేదింపజేసి కోతను నిలుపుతుంది. ఆ ఫాస్ఫేటును దానం చేసే పదార్థం ఎ.టి.పి. దానిని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించి హార్వర్డులో పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని తెలుగువారు తప్పక గుర్తుంచుకోదగినది.

తాళం లేని గాదె గతి ఏమిటో టైపు-1 మధుమేహం చూపుతుంది. కొవ్వు అదుపులేక కరిగి, కొవ్వు ఆమ్లాలు కాలేయాన్ని ముంచెత్తి, అక్కడ కీటోనులుగా మారి రక్తాన్ని ఆమ్లమయం చేస్తాయి. 1922 జనవరిలో టొరాంటోలో ఇన్సులిన్ పొందిన లెనార్డ్ థాంప్సన్ 14 ఏండ్ల బాలుడు; బరువు సుమారు 65 పౌన్లు. శుద్ధి చేసిన మందుతో రెండవ విడత చికిత్స ప్రారంభించగా మూత్రంలో చక్కెర తగ్గింది, కీటోనులు మాయమైనవి.

ఈ కారణం చేతనే టైపు-1 రోగులు ఏకాదశి ఉపవాసమున్నా, జ్వరంతో అన్నం సహించకపోయినా ఇన్సులిన్‌ను పూర్తిగా మానరాదు. "ఏమీ తినలేదు గదా, సూదెందుకు?" అని ఇంటి పెద్దలు అనడం సహజమే. కాని ఆ పూట ఇన్సులిన్ పని అన్నం మీద కాదు, గాదె తలుపు మీద. మోతాదు ఎలా మార్చాలన్నది వైద్యుడు చెప్పవలసిన మాట. టైపు-2లో కొంత ఇన్సులిన్ మిగిలి ఉంటుంది గనుక ఈ ప్రమాదం సాధారణంగా అరుదు.

టైపు-2లో చిక్కు వేరు. కాపలాదారు ఉన్నాడు, తలుపు సరిగా పడదు. జారిపోయిన కొవ్వు కాలేయంలోను, కండరాలలోను చేరి అక్కడ కూడ ఇన్సులిన్ మాట చెల్లనీయదు. గాదె పెద్దదైతేనే ఇట్లు జరుగునని భావించరాదు. పుట్టుకతోనే కొవ్వు కణజాలం దాదాపు లేని అరుదైన లైపోడిస్ట్రోఫీ రోగులలో చక్కెర వ్యాధి, కాలేయపు కొవ్వు తీవ్రంగా కనిపిస్తాయి. గాదె లేని ఇంట ధాన్యం వంటింట్లో, పడకగదిలో పోసినట్లన్నమాట. కొవ్వు అంతా శత్రువే అనేవారు ఈ రోగుల స్థితిని గమనించాలి.

"మనిషి సన్నమే గదా, షుగరెలా వచ్చింది?" అనే ప్రశ్న విదేశాలలోని తెలుగు ఇళ్లలోను తరచు వినిపించేదే. 2004లో పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఛాయాచిత్రాన్ని 'లాన్సెట్' పత్రికలో ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే బి.ఎం.ఐ. ఇద్దరికీ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! దక్షిణాసియా వారిలో చర్మం క్రింది గాదె త్వరగా నిండి, మిగులు పొట్ట లోపలికి, కాలేయానికి చేరుతున్నదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. బరువు తూచే యంత్రం ఈ తేడాను పట్టలేదు. దర్జీ టేపు కొంతవరకు పట్టగలదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఐరోపా పురుషులకు నడుము కొలత హద్దును 94 సెంటీమీటర్లుగా నిర్ణయించగా, దక్షిణాసియా పురుషులకు అది 90, స్త్రీలకు 80.