పాత సన్‌ఫిల్మ్ అద్దాన్ని ఎందుకు వదలదు?

ఒకప్పుడు నల్లగా మెరిసిన కారు పక్క అద్దాలు కొన్నేళ్లకు వంకాయ రంగుకు తిరుగుతాయి. మధ్యలో బుడగలు లేస్తాయి. అంచులు ఎండుటాకులా ముడుచుకుంటాయి. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవారు ముందుగా ఆ ఫిల్మ్ పీకేద్దామనుకుంటారు. మూల పట్టుకుని లాగితే గోరంత ముక్క చేతికొస్తుంది. మిగతా ఫిల్మ్, దాని కింది జిగురు అద్దం మీదే ఉండిపోతాయి.

సన్‌ఫిల్మ్ అంటే ప్రధానంగా పీఈటీ ప్లాస్టిక్ పొర. నీళ్ల సీసాలు తయారయ్యేది కూడా దీంతోనే. మందం వెంట్రుకంత కూడా ఉండదు. చవక రకాల్లో నలుపు రంగు కోసం ఒకటికి మించి సేంద్రియ రంగులు కలుపుతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఇవన్నీ ఒకే వేగంతో విరగవు. కొన్ని ముందే వెలిసిపోతే మిగిలినవి ఊదాగా కనిపిస్తాయి. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ఉండే ప్లాస్టిక్ పొర ఈ కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది. పక్క అద్దాలు సాధారణంగా ఒంటి పలకవి కాబట్టి అక్కడి ఫిల్మ్‌కే ఎక్కువ దెబ్బ.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం కాంతి ప్రసరించాలన్నది మోటారు వాహనాల నిబంధన. అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. తర్వాత సవరించిన నిబంధనల ఆధారంగా, నిర్దేశిత పారదర్శకత ఉంటే ఫిల్మ్ వాడవచ్చని 2024లో కేరళ హైకోర్టు తీర్పునిచ్చింది. ఇక్కడ చాలామంది పట్టించుకోని లెక్క ఒకటుంది. 75 శాతం కాంతిని పంపే గాజుకు 70 శాతం ఫిల్మ్ అతికిస్తే లోపలికొచ్చేది 52.5 శాతమే. ఈ రెండింటినీ కూడకూడదు, గుణించాలి. వెలిసి మసకబారిన ఫిల్మ్ కాంతిని చెదరగొడుతుంది కూడా. రాత్రి పూట ఎదుటి హెడ్‌లైట్ వెలుగు అద్దమంతా పరుచుకుంటే పక్కనుంచి వచ్చే సైకిల్ కనిపించదు. పాత ఫిల్మ్ తీసేయడానికి అందం కన్నా ఇదే పెద్ద కారణం.

ఇక పీకే విద్య. ఫిల్మ్ వెనుక ఉండేది ఒత్తిడితో అతుక్కునే జిగురు. అది కొంత ద్రవంలా, కొంత రబ్బరులా ప్రవర్తిస్తుంది. గాజును అణువుల స్థాయిలో తాకి వాండర్ వాల్స్ బలాలతో పట్టుకుంటుంది. వేగంగా లాగితే పాకడానికి సమయం చాలక గట్టి రబ్బరులా ఎదురు తిరుగుతుంది, ఫిల్మ్ చిరుగుతుంది. నెమ్మదిగా లాగితే తక్కువ బలం చాలు.

లాగే కోణమూ ముఖ్యమే. అద్దానికి లంబంగా లాగడానికి ఒక యూనిట్ బలం కావాలనుకుందాం. సిద్ధాంతం ప్రకారం 30 డిగ్రీల కోణంలో లాగితే ఏడున్నర యూనిట్లు కావాలి. పట్టీని పూర్తిగా వెనక్కి మడిచి లాగితే అర యూనిట్ చాలు. ఇందులో మాయేమీ లేదు, బలం సగమైతే చేయి కదలాల్సిన దూరం రెట్టింపవుతుంది. చిక్కల్లా, ఎండకు పెళుసెక్కిన ఫిల్మ్ అంత మడతను తట్టుకోలేక పుటుక్కున తెగుతుంది. అందుకే వేడి కావాలి.

ఇక్కడ నా ఓటు ఆవిరికే. బట్టలు ఇస్త్రీ చేసే స్టీమర్ చాలు. కిలో నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి పట్టే శక్తి కన్నా ఐదు రెట్లకు పైగా వేడిని, కిలో ఆవిరి నీరుగా మారుతూ వదులుతుంది. పైగా ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు. హీట్ గన్ గాలి మాత్రం కొన్ని వందల డిగ్రీలకు చేరుతుంది. ఒకేచోట నిలిపితే గాజు అక్కడ మాత్రమే వ్యాకోచించి పగలవచ్చు. వేడి మరీ ఎక్కువైతే జిగురు తనలో తానే చీలి, సగం ఫిల్మ్‌తో వచ్చి సగం అద్దానికే అంటుకుంటుంది.

అమ్మోనియా చల్లి నల్ల ప్లాస్టిక్ కవరు కప్పి ఎండలో పెట్టే పద్ధతి ఒకటుంది. పనిచేస్తుంది కానీ, మూసిన కారులో ఆ ఆవిరి కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. పెట్రోలు, థిన్నర్ల జోలికి అసలు పోవద్దు, వాటి ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. మిగిలిన జిగురును గోరువెచ్చటి సబ్బు నీళ్లతో నానబెట్టి ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయండి. ఆఖరి మరకలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను తలుపులు తెరిచి, దగ్గర్లో మంట లేనప్పుడు గుడ్డతో రాయండి.

వెనుక అద్దం దగ్గర మాత్రం తొందర వద్దు. మంచు తుడిచే డీఫాగర్ గీతలు గాజు లోపలివైపు అచ్చువేసి కాల్చిన వెండి పేస్టు. ఫిల్మ్ నేరుగా వాటిమీదే అంటుకుని ఉంటుంది. అక్కడ బ్లేడు వాడకూడదు, గీతలకు అడ్డంగా కాక వాటి వెంబడే లాగాలి. ఈ గీతలు సమాంతర వలయంలో ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే ఆ ఒక్కటే చల్లగా ఉండిపోతుంది, మిగతావి వేడెక్కుతాయి. తెగిన చోటును విద్యుత్తు ప్రసరించే వెండి పెయింటుతో కలపవచ్చు.