పండినట్టు కనిపించే అండం

కబేళాకు వచ్చే ఆడపందుల్లో ఎక్కువ భాగం ఆర్నెల్ల వయసువి, ఇంకా ఎదకు రానివి. వాటి అండాశయాలపై ఉన్న 3 నుంచి 6 మిల్లీమీటర్ల పుటికల్లోంచి సూదితో ద్రవం లాగి మైక్రోస్కోప్ కింద పెడితే, కొవ్వు బిందువులు నిండి నల్లగా కనిపించే అండాలు, వాటిని పొరలు పొరలుగా అంటిపెట్టుకున్న క్యుములస్ కణాలు కనిపిస్తాయి. 39 డిగ్రీల వేడిలో దాదాపు 44 గంటలు పెంచితే చాలా అండాలు ధ్రువకణం అనే చిన్న కణాన్ని బయటికి నెడతాయి. పక్వతకు గుర్తుగా మనం చూసేది దాన్నే. అయినా వాటిని ఫలదీకరించి ఆడపంది గర్భంలో పెడితే పుట్టే పిల్లలు తక్కువ. కార్బైడ్ పెట్టిన మామిడికి రంగు వచ్చినట్టు ఇక్కడ కేంద్రకం ఒక్కటే పండింది. దాని చుట్టూ ఉన్న కణద్రవ్యం ఇంకా పచ్చిగానే ఉంది.

ఈ తేడా ఊహ కాదు. శుక్రకణం అండంలోకి వచ్చాక, దాని తలలో బిగుతుగా చుట్టుకున్న డీఎన్ఏ విచ్చుకోవాలి. ఆ బిగువును సడలించేది అండం ముందే కూడబెట్టుకున్న గ్లూటాథియోన్. పెంపక ద్రావణంలో సిస్టీన్ కలిపితే అండంలో గ్లూటాథియోన్ పెరిగి, శుక్రకణ కేంద్రకం సరిగా విచ్చుకుంటుందని 1990ల్లో జపాన్ పరిశోధకులు చూపించారు. అయితే లోటంతా పోషకాలదే అనుకోవడం సరికాదు, అసలు లోటు సమయపాలనలో ఉంది. పుటికలో ఉన్నంతకాలం సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు అండ కేంద్రకాన్ని ఆపి ఉంచుతుంది. అండాన్ని సూదితో బయటికి లాగగానే ఆ పట్టు సడలి, కణద్రవ్యం సిద్ధం కాకముందే కేంద్రకం విభజనకు దిగుతుంది. పెంపకంలో మొదటి 20 గంటలు ఆ అణువుకు దగ్గరి రూపాన్ని ద్రావణంలో ఉంచి, తర్వాత తీసేస్తే అండాలన్నీ ఒకే తీరున నడిచాయని, పిండాలు మెరుగుపడ్డాయని 1997లో తేలింది. అక్కడ అండానికి అదనంగా అందింది ఆహారం కాదు, గడువు.

2017లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫలితం దీన్ని మరింత బలపరుస్తుంది. అక్కడివాళ్లు ఎఫ్‌జీఎఫ్2, ఎల్‌ఐఎఫ్, ఐజీఎఫ్1 అనే మూడు సంకేత ప్రోటీన్లను పెంపక ద్రావణంలో కలిపి వాడారు. గర్భంలో పెట్టదగిన బ్లాస్టోసిస్ట్ దశకు చేరిన పిండాలు రెట్టింపయ్యాయి. ఒక్కో ఈతలో పుట్టిన పిల్లలు కూడా రెట్టింపై సగటున తొమ్మిదికి చేరాయి. అంటే సేకరించిన ప్రతి అండానికీ పుట్టిన పిల్లలు నాలుగింతలు. క్యుములస్ కణాలు సన్నని పోగులను అండపు పై పొరలోంచి లోపలికి చాచి, వాటి ద్వారా అండంతో మాట్లాడుకుంటాయి. కొత్త ద్రావణంలో ఆ కణాలు బాగా విప్పారాయి, పోగులు త్వరగా తెగిపోయాయి. సంభాషణ జరగడం ఎంత అవసరమో, వేళకు ముగియడమూ అంతే అవసరమని నాకు దీనివల్ల అనిపిస్తోంది. ఈ మార్పులే మెరుగుదలకు కారణమని పూర్తిగా రుజువు కాలేదు. పరిశోధకులూ అవి బహుశా కారణం కావచ్చనే అన్నారు.

పుటికా ద్రవాన్నే కలిపితే సరిపోదా అని అడగవచ్చు. చాలా ఏళ్లు అదే చేశారు. కానీ ఆ ద్రవం ఒక్కో విడతకు ఒక్కోలా ఉంటుంది, రోగకారకాలను మోసుకురావచ్చు, పైగా అందులో ఏది పనిచేసిందో తెలియదు. శరీరంలోనే పండిన అండాలు వాడవచ్చు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. అవి మేలైనవే. అయితే ఒక్క పంది ఒక ఎదలో ఇరవై చుట్టుపక్కల అండాలే విడుదల చేస్తుంది, వాటి కోసం సాధారణంగా శస్త్రచికిత్స చేయాలి. కబేళాలో అండాశయాలు ఎలాగూ పారేసేవే.

పందుల మీద ఇంత శ్రమ దేనికి అనేవారికి 2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్‌లో మనిషికి అమర్చిన పంది గుండెను గుర్తుచేయాలి. అలాంటి అవయవాల కోసం పందుల్లో జన్యువులను మార్చాలి. క్లోనింగ్ దారిలో వెళ్లినా, పిండంలోనే సవరణ చేసినా పక్వమైన అండం లేకుండా పని మొదలవదు. జంతువుల బాధ గురించి ఆలోచించేవారు కూడా ఈ లెక్క చూడాలి: పిండాల నాణ్యత పెరిగితే, అన్నే పిల్లల కోసం పిండాలు మోయాల్సిన ఆడపందుల సంఖ్య తగ్గుతుంది. అందుకే కొత్త ద్రావణం ఏది వచ్చినా, అందులో ఎన్ని అండాలు ధ్రువకణం విడిచాయన్న దానికన్నా ఎన్ని పిల్లలు బతికి పుట్టాయన్నదే ముందు అడగాలి.