బండిలో బ్యాటరీ తీగెలు: దాచే చోటు, దాచే తీరు

ఈ పూట నేను ఎరువుల సంగతి గాని, పురుగుల సంగతి గాని ఎత్తను. పండించిన పంట మార్కెట్టుకు చేరటంలో వచ్చే ఒక చిన్న చిక్కును గురించి చెబుతాను. చిక్కు చిన్నదే. కాని సమయానికి దాన్ని విప్పుకోలేకపోతే ఒక కోత డబ్బు దారిలోనే పోతుంది.

ఇప్పుడు కూరగాయలు, పాలక్యానులు, ఎరువు బస్తాలు, అన్నీ పికప్పు బండి మీదనే కదా. ఆ బండి నడిరాత్రి ఆగిపోయి, సెల్ఫు కొడితే కట్ కట్ మని వూరుకుంటే ఏం చేయాలి? మరొక బండి బ్యాటరీనుంచి కరెంటు అరువు తెచ్చుకోవాలి. అందుకు వాడే ఎర్ర తీగె, నల్ల తీగె జతనే జంపర్ తీగెలంటారు. ఇవి చాలామంది దగ్గర వున్నాయి. అయితే వుండటం వేరు, అక్కరకు వచ్చేటట్టు వుంచుకోవటం వేరు. ఈ తేడా నేను నష్టపోయి నేర్చుకున్నాను.

మా అన్న టమాటా పండిస్తాడు. నేను సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు ఒక రాత్రి సరుకుతో ఆయన వెంట మదనపల్లె మార్కెట్టుకు బయలుదేరాను. సన్నగా తుంపర మొదలయింది. బండి ఆపి, లైట్ల వెలుతురులో పట్ట కప్పి తాళ్ళు బిగించుకున్నాము. పక్కనే టీ కొట్టు వుంటే కూర్చున్నాము. లైట్లు ఆర్పటం ఇద్దరమూ మరిచాము. తిరిగి వచ్చి సెల్ఫు కొడితే బండి పలకలేదు.

"ఏమప్పా, నువ్వు కొనిచ్చిన వైర్లు వున్నాయి గదా" అన్నాడు అన్న. వున్నాయి. ఎక్కడ? వెనక తొట్టిలో, ఒక మూల, నేను పడేసిన చోటనే. వాటి మీద ఆరు నెలలుగా యూరియా బస్తాలు ఎక్కాయి, దిగాయి. క్రేట్లన్నీ దించి బయటికి లాగితే, క్లిప్పుల పళ్ళు పచ్చగా చిలుముపట్టి వున్నాయి. ఒకదాని స్ప్రింగు విరిగింది. ఎవరో పుణ్యాత్ముడు తన పికప్పు ఆపి ఇరవై నిమిషాలు సాయం నిలబడ్డాడు. నిప్పురవ్వలు వచ్చాయి గాని కరెంటు రాలేదు. ఆయన బండిలోనూ సరుకు వుంది, ఎంతసేపని ఆగుతాడు? మేము మార్కెట్టుకు చేరేసరికి వేలం అయిపోయింది. మిగిలిన ధరకు ఇచ్చి వచ్చాము. అన్న నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకే ఆ రాత్రి నాకు బాగా జ్ఞాపకం.

చిలుము ఎందుకు అంత పని చేసింది? డీజిలు ఇంజను తిప్పటానికి సెల్ఫు మోటారు ఒక్కసారిగా రెండు వందల ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. ఇంటి దీపానికి ఒక ఆంపియరు కూడా అక్కరలేదు. పెద్ద కాలువ నీరు చిన్న తూములో పట్టనట్టే, ఇంత కరెంటు సన్న తీగెలోను, చిలుముపట్టిన క్లిప్పులోను పట్టదు. అక్కడ వేడి పుడుతుంది, సెల్ఫు మాత్రం తిరగదు. యూరియా, డి.ఎ.పి. వంటి ఎరువులు గాలిలో చెమ్మను పీల్చుకుంటాయి. ఆ చెమ్మ, ఆ ఉప్పు కలిసి రాగిని తినివేస్తాయి. కాబట్టి ఎరువు తొట్టిలో రాగి తీగె దాచటం ఉప్పు కుండలో కొడవలి దాచినట్టే.

ఇక ఏది కొనాలి, ఎక్కడ వుంచాలి?

కొనేటప్పుడు పైన వున్న ప్లాస్టిక్ లావు చూసి మోసపోవద్దు. లోపలి లోహం లావు చూడాలి. డీజిలు పికప్పుకు 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె వుంటే మంచిది. పొడవు 3 మీటర్లు చాలు. మరీ పొడవైతే దారిలోనే బలం తగ్గుతుంది. క్లిప్పు గట్టిగా కరవాలి. వేలితో తేలికగా తెరుచుకునే క్లిప్పు బండి అదురుకు వూడిపోతుంది.

వుంచవలసిన చోటు డ్రైవరు సీటు వెనకగాని, కిందగాని. క్రేట్లు దించకుండా, చీకటిలో చేయి పెడితే తగలాలి. తీగెలను మడత విరగకుండా వెడల్పుగా చుట్టాలి. క్లిప్పులకు ఒక్కొక్కదానికి పాత గుడ్డ చుట్టి, మందపాటి గుడ్డసంచిలో వేసి, మూతి కట్టాలి. అదే సంచిలో ఒక జత రబ్బరు తొడుగులు, కంటి అద్దాలు, బ్యాటరీ మొనలు గీకటానికి ఒక ఉప్పుకాగితం ముక్క, చిన్న టార్చిలైటు వేయండి. ఫోను లైటు వుందిగా అంటారేమో. రెండు చేతులూ పనిలో వున్నప్పుడు ఫోను ఎవరు పట్టుకుంటారు? పురుగుమందు డబ్బాలు, ఎరువు, చేపల తొట్టెలు, వీటి దగ్గరికి ఈ సంచి పోరాదు.

కొందరు ఛార్జి చేసిన మరో బ్యాటరీనే తొట్టిలో వేసుకు తిరుగుతారు. ఇది మంచి అలవాటు కాదు. దానిలో వున్నది గంధకామ్లం. బండి కుదుపుకు ఒరిగితే గోతాలను కాలుస్తుంది, కూరగాయలను పాడుచేస్తుంది. దాని రెండు మొనల మీద గడ్డపార గాని పార గాని పడితే నిప్పు లేస్తుంది. తప్పనిసరై తీసుకుపోవలసి వస్తే నిటారుగా ప్లాస్టిక్ తొట్టెలో పెట్టి, కదలకుండా కట్టి, మొనలకు రబ్బరు తొడిగి, గాలి తగిలే చోట, తినే సరుకుకు దూరంగా వుంచాలి.

ఈ మధ్య చేతిలో పట్టేటంత లిథియం జంప్ స్టార్టర్లు వస్తున్నాయి. మరో బండి అక్కరలేకుండా పని జరుగుతుంది, మంచివే. కాని వాటికి ఎండ పడదు. మన వేసవిలో అద్దాలు మూసిన క్యాబిన్ లోపల వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. డాష్‌బోర్డు మీద వదిలేస్తే అది ఉబ్బుతుంది, ఒక్కొక్కప్పుడు అంటుకుంటుంది కూడా. ఫోనులాగానే దాన్ని ఇంట్లోకి తెచ్చుకోండి, బయలుదేరేటప్పుడు తీసుకుపోండి. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడవద్దు. వాడినా వాడకపోయినా మూడు నెలలకొకసారి ఛార్జి చూసుకోవాలి.

ఇక తగిలించే వరస. ఇది తప్పితే ప్రాణం మీదికి వస్తుంది గనుక నిదానంగా వినండి. ఛార్జి ఎక్కే బ్యాటరీలో హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గాలిలో అది నూటికి 4 పాళ్ళు వుంటే చాలు, చిన్న రవ్వకు పేలుతుంది. అందుచేత చివరి రవ్వ బ్యాటరీకి దూరంగా పడేటట్టు చూడటమే ఈ వరసలోని కిటుకు.

రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకుండా నిలపండి. రెండు ఇంజన్లూ, లైట్లూ ఆర్పండి. బీడీ, సిగరెట్టు దరిదాపుల్లో వుండరాదు. ఎర్ర తీగె ఒక కొన ఆగిన బండి ప్లస్సుకు, రెండవ కొన మంచి బండి ప్లస్సుకు పెట్టండి. నల్ల తీగె ఒక కొన మంచి బండి మైనస్సుకు పెట్టండి. రెండవ కొనను ఆగిన బండి మైనస్సుకు పెట్టకండి. బ్యాటరీకి దూరంగా, ఇంజను మీద రంగు లేని గట్టి ఇనుప భాగానికి పట్టించండి. ఇప్పుడు మంచి బండి స్టార్టు చేసి 5 నిమిషాలు నడవనివ్వండి. తరువాత ఆగిన బండికి సెల్ఫు కొట్టండి. పది సెకండ్లకు మించి కొట్టవద్దు. అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్ళీ చూడండి. బండి అందుకున్నాక తీగెలు తీయటం పెట్టిన వరసకు తలకిందులు: ముందు ఇంజను మీది నల్ల కొన, చివరకు మీ బండి ప్లస్సు మీది ఎర్ర కొన. మార్కెట్టు చేరేదాకా ఇంజను ఆపకండి.

అడ్డం తిరిగే సంగతులు మరికొన్ని వున్నాయి. మన పికప్పుల బ్యాటరీ 12 వోల్టులు. పెద్ద లారీలు, బస్సులు సాధారణంగా 24 వోల్టుల మీద నడుస్తాయి. సాయం చేస్తానని లారీ డ్రైవరు ఆగినా, దండం పెట్టి పంపించండి. 24 తగిలిస్తే మీ బండిలోని ఎలక్ట్రానిక్ సామాను కాలిపోతుంది. ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులదైతే పనికివస్తుంది. పగిలిన బ్యాటరీకి, ఆమ్లం కారుతున్న బ్యాటరీకి ఏ తీగే పెట్టరాదు. ఆమ్లం ఒంటిమీద పడితే వెంటనే ధారగా నీళ్ళు పోయాలి. కంట్లో పడితే పావుగంట తగ్గకుండా కడిగి, ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక డబ్బా మంచినీళ్ళు బండిలో ఎప్పుడూ వుండాలనేది ఇందుకే.

తీగెలు దెబ్బకు కట్టే కట్టు వంటివి, జబ్బుకు మందు కావు. బ్యాటరీ పదే పదే దిగిపోతుంటే కారణం వెదకాలి. రాత్రంతా ఆగిన బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపుతుంది. 12.4 కన్నా తగ్గితే ఛార్జి పెట్టించండి. 12 కు వచ్చిందంటే ఇంచుమించు ఖాళీ అయినట్టే.

ఇవన్నీ ఎవరికి జ్ఞాపకం వుంటాయి అంటారా? మనకు పండుగలున్నాయి. ఉగాది, ఏరువాక, దసరా, సంక్రాంతి కొంచెం అటూ ఇటూగా మూడు నెలలకొకటి వస్తాయి. ఆయా రోజుల్లో బండి కడిగేటప్పుడు ఆ సంచి కూడా విప్పండి. క్లిప్పులు చూడండి, చిలుము గీకండి, స్ప్రింగు నొక్కి చూడండి. ఆయుధపూజ నాడు బండికి బొట్టు పెడతాము కదా, ఆ సంచికీ ఒక బొట్టు పెట్టండి.

విస్తరణ పనివారికి ఒక మనవి. రైతులు కూడిన చోట ఈ వరస నోటితో చెప్పి వూరుకోకండి. ఇంజన్లు ఆపిన రెండు బండ్లు పక్కపక్కన నిలిపి, క్లిప్పులు తగిలించకుండా ఏది ఎక్కడికి పోవాలో రైతు చేతనే చూపించండి. చీకటిలో అక్కరకు వచ్చేది చేతికి అలవాటైన పనే.

మా అన్న బండిలో ఇప్పుడు సీటు వెనక ఒక ఖాకీ సంచి వుంది. దాన్ని నేనే కుట్టించాను. ఇంటికి వెళ్ళినప్పుడల్లా ముందు దాన్నే విప్పి చూస్తాను. ఈ సాయంత్రం మీరు కూడా మీ బండి దగ్గరికి వెళ్ళి, మీ తీగెలు ఎక్కడ వున్నాయో ఒకసారి చూసుకోండి.