కాలు ముందా? బంతి ముందా?

పిల్లలూ! బాస్కెట్‌బాల్ ఆటలో పదిమందీ కోర్టంతా పరుగులు తీస్తూనే వుంటారు గదా. ఎవడైనా ఫౌల్ చేసి, ఎదుటివాడికి ఫ్రీత్రో దొరికిందనుకోండి, అందరూ చప్పున నిలిచిపోతారు. ఒక్కడే గీత వెనక నిలబడి, అడ్డు లేకుండా, రింగులోకి బంతి వేస్తాడు. పడితే ఒక పాయింటు.

ఇంత తేలిక పనికి మళ్ళీ నిబంధనలెందుకంటారా? అసలు చిక్కు అక్కడే వున్నది.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు ఈ ఆటను కనిపెట్టాడు. ఆయన రాసిన 13 నిబంధనలలో ఫ్రీత్రో ఊసే లేదు. ఒక జట్టు వరసగా మూడు ఫౌల్స్ చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోలు లెక్క కట్టేవారు. ఫ్రీత్రో ఆ తరువాత వచ్చింది.

ఇప్పుడు ప్రపంచ సమాఖ్య నిబంధనల ప్రకారం, గీత బోర్డుకు 4.6 మీటర్ల దూరాన వుంటుంది. రింగు ఎత్తు 3.05 మీటర్లు. రెఫరీ బంతి ఇచ్చాక 5 సెకన్లలో వేయాలి. ఏ విధంగా వేసినా సరే. 1962లో విల్ట్ చాంబర్లేన్ ఒకే ఆటలో 100 పాయింట్లు చేసినప్పుడు, రెండు చేతులతో కిందినుంచి పైకి విసిరి, 32 ఫ్రీత్రోలలో 28 వేశాడు! అయితే బంతి రింగులో పడటమో, కనీసం రింగుకు తగలటమో జరగాలి. అంతవరకు వేసేవాడు గీత తొక్కరాదు. వేస్తున్నట్టు నటించి ఆగిపోవటం అసలే కూడదు.

ఆఖరి ఫ్రీత్రో సమయంలో, రింగు ముందున్న గడికి రెండు పక్కలా మొత్తం ఐదుగురు నిలబడవచ్చు. ముగ్గురు ఎదుటి జట్టువారు, ఇద్దరు వేసేవాని జట్టువారు. బంతి వేసేవాని చెయ్యి విడిచేదాకా వీళ్ళు లోపలికి అడుగు పెట్టరాదు.

ఇక మీరే రెఫరీ అనుకోండి. ఎర్రజట్టుకు 40, పచ్చజట్టుకు 41. ఎర్రజట్టు కుర్రవాడు ఆఖరి ఫ్రీత్రో వేయబోతున్నాడు. బంతి ఇంకా చేతిలోనే వున్నది. పచ్చజట్టువాడొకడు లోపలికి దూకాడు. వెంటనే ఈల వేస్తారా? తొందరపడకండి! బంతి ఏమవుతుందో చూడాలి. పడితే పాయింటు పాయింటే, దూకినవాడి సంగతి ఇక వదిలేస్తారు. పడకపోతే ఎర్రజట్టువాడు మరొకసారి వేస్తాడు. ఎందుకో ఆలోచించారా? పచ్చజట్టువాడు దూకినందుకు ఎర్రజట్టు పాయింటు పోయేటట్టయితే, ప్రతివాడూ దూకటమే పనిగా పెట్టుకుంటాడు!

సరే, ముందుగా దూకినవాడు ఎర్రజట్టువాడే అయితే? బంతి పడితే అప్పుడూ పాయింటు చెల్లుతుంది. నేను బడిలో ఈల పట్టుకుని నిలబడిన రోజుల్లో ఇక్కడే గోల లేచేది. "తప్పు చేసిన జట్టుకే పాయింటా, మాస్టారూ!" అని పిల్లలు చుట్టుముట్టేవారు. కాని చూడండి, పక్కవాడు దూకినంత మాత్రాన బంతి రింగులో పడదు గదా! ఆ దూకుడు పనికొచ్చేది బంతి పడకుండా ఎగిరివచ్చినప్పుడే. అందుకే బంతి పడనప్పుడు మాత్రం శిక్ష. బంతి పచ్చజట్టుకు ఇచ్చి, పక్కగీత బయటినుంచి వేయమంటారు. అమెరికా హైస్కూళ్ళ నిబంధనలలో వేసేవాని జట్టువాడు ముందు దూకితే, బంతి పడినా పాయింటు ఇవ్వరు. నా మటుకు మొదటి పద్ధతే సబబుగా తోస్తుంది.

వేసేవాడే గీత తొక్కితే ఈ దయ లేదు. బంతి చక్కగా పడినా పాయింటు రాదు. గీత తొక్కి ముందుకు వెళితే రింగు దగ్గరవుతుంది గదా, ఆ లాభం వాడిదే! అలాగే, వాడు బంతి వేసినట్టు నటించగా పచ్చజట్టువాడు మోసపోయి అడుగు వేస్తే, తప్పు నటించినవాడిదే.

ఇరుపక్షాలవాళ్ళూ ముందే దూకి, బంతి కూడా పడకపోతే? లెక్కలు రాసేవారి బల్లమీద ఒక బాణం గుర్తు వుంటుంది. అది ఏ జట్టువైపు చూపుతుంటే బంతి ఆ జట్టుది. తరువాత బాణాన్ని రెండో జట్టు వైపు తిప్పుతారు.

ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. బంతి వెంట చూస్తే కాళ్ళు కనబడవు. అందుకని ఇద్దరు రెఫరీలు పని పంచుకుంటారు. ఒకరు 5 సెకన్లు లెక్కపెడుతూ వేసేవానిని కనిపెట్టి వుంటారు. రింగు దగ్గర నిలిచిన రెండోవారు ఎదుటి వరసలోని కాళ్ళు చూస్తారు. ఈసారి ఆట చూసేటప్పుడు, ఆ రెండో రెఫరీ కళ్ళు ఎటు వున్నాయో గమనించండి.